లక్ష్మీదేవమ్మ పురుగులింటి కట్టుబాట్లు

కామసముద్రం దగ్గర లక్ష్మీదేవమ్మ పట్టుపురుగుల షెడ్డులోకి అడుగు పెట్టడం అంత సులువు కాదు. గుమ్మంలో బ్లీచింగు పొడి తొక్కాలి, చేతులు సబ్బుతో కడగాలి. పొగాకు వాసన పురుగులకు గిట్టదు కాబట్టి బీడీ తాగినవాడు ఆ ఛాయలకే రాకూడదు. ఒకసారి సొంత అన్న పొగాకు నములుతూ తొంగిచూశాడని చీపురుతో వెంటపడింది. ఏం మనిషో తల్లీ! అయితేనేం, ఆమె పంట చెడిపోయిన ఏడాది ఊళ్లో ఎవరికీ గుర్తులేదు.

ఇంతటి ఆవిడ మాట మొగుడి దగ్గర మాత్రం చెల్లలేదు. పిల్లప్ప చుట్టుపక్కల మామిడి తోటల్లో కూలికి పురుగుమందు కొడతాడు. వీపున పంపు, నడుముకు పంచె, అంతే. ఆమె కొనిచ్చిన మాస్కూ గ్లౌజులూ కోళ్లగూటి మీద పడేశాడు. పోయిన పూతకాలంలో మందు పీల్చి, వాంతులు చేసుకుని చెట్టు కిందే పడిపోయాడు. తోట యజమాని ఆటోలో ఆసుపత్రికి చేర్చాడు కాబట్టి సరిపోయింది. ఆ రోజు ఆమె పడ్డ భయం పగవాళ్లకు కూడా వద్దు. ఈ ఏడు పూత రాగానే మహానుభావుడు మళ్లీ పంపు భుజానికెత్తాడు.

"మూతికి మాస్కు కట్టుకో" అందామె.

"నేనేమన్నా దొంగనా? నలుగురూ నగుతారు. ఇంగ ఊరుకో!"

సాయంత్రం తిరిగొచ్చి, ఒళ్లు తోముకుని తోముకుని స్నానం చేశాడు. తన కోసం కాదండోయ్, మందు వాసన పురుగులకు తగలకూడదని! ఆకు గంప ఎత్తుకుని షెడ్డు వైపు వస్తున్న మొగుణ్ణి చూడగానే లక్ష్మీదేవమ్మకు ఉపాయం తట్టింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"యాడికి?"

"పురుగులకు ఆకెయ్యాల గదా."

"ఈడనే ఉండు. ఒళ్లు కడుక్కుంటివి సరే, ఊపిరిలోకి పోయిన మందును ఎట్ల కడుగుతావు? నా పురుగులు సస్తే?"

పురుగులు ఆకు తినే చప్పుడు, సన్నటి వాన కురిసినట్టుంటుంది, అదంటే పిల్లప్పకు ప్రాణం. రెండు పూటలు గుమ్మం బయట మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత నిండుచేతుల చొక్కా తొడిగి, మాస్కు కట్టుకుని తోటకు బయల్దేరాడు.

"ఏమప్పా, ఆపరేషన్ చేసేకి పోతాండావా?" అని తోటి కూలి చౌడప్ప పగలబడి నవ్వాడు.

"మా పురుగుల కోసం లేప్పా. ఊపిరి తగిలితే సస్తాయంట."

చౌడప్ప ఇంట్లోనూ పురుగులున్నాయి. నవ్వు ఆపి, "ఆ మాస్కు యాడ దొరుకుతాదప్పా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం లక్ష్మీదేవమ్మ అడ్డు తొలగింది. పిల్లప్ప లోపలికి వెళ్లి, గొంతు తగ్గించి అడిగాడు.

"నిజం చెప్పు. నా ఊపిరికి పురుగులు సస్తాయా?"

"నాకేం తెలుసు! పురుగులు పోతే ఇంగో పంట పెట్టుకుంటాను. నువ్వు పోతే యాడనుంచి తెచ్చుకునేది?"

పిల్లప్పకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆకు పరవడం మొదలుపెట్టాడు.