అద్దాల తలుపుల వెనక గుంటలు

కంబదూరులో మా చర్చికి రేకులు తీసి స్లాబు వేసినప్పటి నుంచి లోపల ఎవరు మాట్లాడినా కుండలో తల పెట్టి అరిచినట్టు ఉంటుంది. ఆదివారం వాక్యం చదివేది నేను. యాభై దాటాక రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని సంపాదించుకున్న పని అది. మొన్న పాస్టరు, "అవ్వా, నువ్వు చదివేది ఎవురికీ అర్థం కావడంల్యా. ఇంక ఫోన్లో పెట్టి వినిపిస్తాంలే" అన్నాడు. గోడలు చేసిన పాపానికి నా పని ఊడుతోంది. ఇలాంటి మోతకు అనంతపురంలో ఒక హాలువాళ్లు విరుగుడు కనిపెట్టారని మా వడ్రంగి యేసురత్నం చెబితే, ఇద్దరం చూడబోయాం.

ఉదయం ఆరుంబావు బస్సు. ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు మరవకండి. కల్యాణదుర్గంలో ఇడ్లీ తిన్నాం. చట్నీ అంటే రంగు నీళ్లు. ఎనిమిదింటి బస్సులో పక్క సీటామె, "యాడికి పోతాండారు?" అంది.

"గోడలు చూసేకి."

"ఆస్పత్రికేమో అనుకుంటి" అని కిటికీ వైపు తిరిగింది.

పదింటికి దిగాం. అది పెళ్లిళ్ల హాలు, ఒక బట్టల శెట్టిది. వేదికకు ఎదుటి గోడ నిండా చెక్క పలకలు. పెద్ద గుంట, దాని అడుగున అదే మాదిరి చిన్న గుంటలు, వాటి అడుగున ఇంకా చిన్నవి. లావు గొంతు పెద్ద గుంటల్లో, సన్న గొంతు చిన్న గుంటల్లో విరిగి, శబ్దం ఒకచోట కుప్పపడకుండా హాలంతా సమంగా చెదురుతుందని యేసురత్నం చెప్పాడు. ఇలా గుంటలో గుంట ఉండే అమరికను ఫ్రాక్టల్ అంటారట. అంతా బాగుంది కానీ, ఆ పలకల ముందు అద్దాల తలుపులు, వాటికి తాళాలు. చీరల బీరువాలే.

"ఇదేందప్పా?" అన్నాను.

"దుమ్ము పడదా? అంత దుడ్లు పెట్టినాం" అన్నాడు శెట్టి. "పెండ్లికొచ్చినోళ్లు చూసి మెచ్చుకుంటాండారు."

"శబ్దం నీ దగ్గరికొచ్చి తాళంచెవి అడుగుతాదా?"

వేదిక ఎక్కి ఒక కీర్తన చదివాను. వెనక వరుస నుంచి యేసురత్నం, "తేనెటీగలు ముసిరినట్టు ఉండాది పెద్దమ్మా" అన్నాడు. శెట్టి కదల్లేదు. తాళాలు తీసేదాకా పోనని వేదిక మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. గొణుక్కుంటూ తాళాలగుత్తి తెచ్చాడు. తలుపులన్నీ తెరిచేసరికి పన్నెండయింది.

మళ్లీ చదివాను. నా గొంతు తిరిగొచ్చి నా మీద పడలేదు.

"వినబడిందారా?"

"ప్రతి మాటా వినబడింది పెద్దమ్మా." యేసురత్నం తల గోక్కున్నాడు. "కీర్తన నడిమిన ఒక వరుస వదిలేసినావు."

"నేనా?"

"నువ్వే. నాకు ఆ కీర్తన నోటికొచ్చు."

శెట్టి గుత్తి ఆడించాడు. "మళ్లీ మూసేదా, అవ్వా?"

పుస్తకంలో వేలు పెట్టి చూశాను. వరుస అక్కడే ఉంది. నా కన్నే దాన్ని దాటేసింది.

రెండింటి బస్సులో తిరుగు ప్రయాణం. ఆ హాలు చూడబోయేవాళ్లు తాళాలు తీయించందే రావద్దు. లేకపోతే చూసేది ఒక అద్దాల కొట్టు, అంతే.

"సంఘంలో ఏం చెప్పమంటావు?" అన్నాడు యేసురత్నం. "పలకలు పెడితే నీ తప్పులు కడ బెంచీదాకా పోతాయి."

"పోనీ. పలకలు చెయ్. తలుపులు పెట్టినావంటే చేతులిరగ్గొడతా."

స్లాబు వేశాక ఎన్ని ఆదివారాలు ఎన్ని వరుసలు మింగానో నాకు తెలియదు. బెంచీల మీద కూర్చుని తలలూపినవాళ్లకూ తెలియదు. కంబదూరులో దిగగానే ఇంటికి పోలేదు. ఈ తప్పు సంగతి నా నోటితోనే చెప్పాలని పాస్టరు ఇంటివైపు నడిచాను.