ఇవాళ ఎవరితో మాట్లాడావమ్మా?

పోయిన నెల ఒక శనివారం పొద్దున మా ఎదురింటి అంకుల్ పోయారు. సింగపూర్ టాంపినీస్‌లో మా బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీగా ఉండే చోట, సిమెంటు బల్ల మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె ఆగిందన్నారు. అప్పుడే ఆ బల్ల పక్కనుంచి కూరల సంచితో నేనూ, ఆరేళ్ళ మా అమ్మాయీ వచ్చాం. ఆయన తల కొంచెం ముందుకు వాలి ఉంది. పలకరిద్దామని ఆగాను.

"అమ్మా, తాత స్లీపింగ్ లా. డిస్టర్బ్ చెయ్యకు," అంది పిల్ల ఇక్కడి యాసలో.

నిజమేననుకుని లిఫ్టెక్కాను. అరగంట తరవాత కింద ఊడ్చే ఆవిడ కేకలు మా మూడో అంతస్తుకి వినిపించాయి. అప్పటికే పోయి ఉంటారు, నువ్వు పిలిచినా లాభం ఉండేది కాదు అని మావారు చెబుతూనే ఉన్నారు. కావచ్చు. నేను పిలవలేదన్నది మాత్రం నిజం.

ఆయన ఓడల ఇంజనీరు. కాకినాడ మనిషి. ఫిన్లాండ్‌లో, ఓడలు కట్టే ఒక ఊళ్ళో పదకొండేళ్ళు పనిచేసి, భార్య పోయాక ఇక్కడ తమ్ముడి ఇంటికి వచ్చేశారు. పిల్లల్లేరు. మేం సింగపూర్ వచ్చేటప్పటికే ఎదురు ఫ్లాటులో ఉన్నారు.

అప్పుడు మా పాపకి నాలుగు నెలలు. మావారు బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని మీద పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. నాకు ఉద్యోగం లేదు, తెలిసినవాళ్ళు లేరు. ఒకరోజు చెత్త పడేయడానికి బయటికొస్తే అంకుల్ లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నారు. నా పేరైనా అడగకుండా, "ఇవాళ ఎవరితో మాట్లాడావమ్మా?" అన్నారు.

నవ్వి, "పాపతో," అన్నాను.

"పాప కాక?"

పొద్దున్నుంచి ఎవరూ లేరు. నిన్న? మొన్న? అక్కడే, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు, చేతిలో చెత్త సంచితో ఏడ్చేశాను. ఆయన ఓదార్చలేదు. "పాపని ఎత్తుకురా, బస్సు ఉంది," అన్నారు.

చిన్న చిన్న తిండి అంగళ్ళన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు పట్టి, పాపని తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "రెండు కాఫీలు. నువ్వే వెళ్ళి అడుగు," అన్నారు. కాఫీ అమ్మే ఆంటీ చైనీసావిడ. ఏం కావాలో త్వరగా చెప్పమని గద్దించింది. తడబడి ఏదో చెప్పి, గొంతు దిగనంత తీపి కాఫీలు తెచ్చాను. ఆయనకి షుగరు. అయినా సగం తాగారు. "ఆగిపోయిన ఓడకే ముందు తుప్పు పడుతుంది. నోరూ అంతే," అన్నారు.

ఆ తరవాత వారానికి రెండు మూడుసార్లు తలుపు తట్టి అదే ప్రశ్న. కొన్నాళ్ళకి విసుగొచ్చేది. చప్పుడు చేయకుండా లోపలే ఉండిపోయిన రోజులూ ఉన్నాయి. ఆయన కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ వచ్చేవారు. విసుక్కుంటూనే నేను పక్కింటి మలయ్ ఆవిడతో, కింది అంతస్తు తమిళ టీచరుతో మాటలు కలిపాను. సాయంత్రం ఆయనకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని.

మూడేళ్ళ క్రితం మావారికి ఫిన్లాండ్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. సలహా కోసం అంకుల్‌ని భోజనానికి పిలిచాం.

అంకుల్ ఆ దేశాన్ని మనసారా పొగిడారు. "నాలుగింటికి ఇంట్లో ఉంటావయ్యా. వెనకే అడవి. కుళాయి నీళ్ళు అలాగే తాగొచ్చు. పసిపిల్లల్ని కప్పి బండిలో బయట మంచులో నిద్రపుచ్చుతారు, ఎవరూ ఎత్తుకుపోరు. జబ్బు చేస్తే అంతా వాళ్ళే చూస్తారు."

"క్వాలిటీ ఆఫ్ లైఫ్ అంటే అదండీ!" అన్నారు మావారు.

అంకుల్ నావైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా?" అన్నారు. అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. నేను మావారి మొహం చూశాను. అది చూశాకే కాబోలు, అంకుల్ కంచం పక్కకి జరిపి తన భార్య సంగతి చెప్పారు. అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు.

చలికాలంలో అక్కడ తొమ్మిదిన్నరకి తెల్లారి మూడింటికే పొద్దుగూకేది. ఆవిడకి ఆ భాష రాలేదు. నేర్చుకుందామని వెళ్ళి రెండు వారాలకే మానేసింది. ఆయన సెలవుల్లో తోటి ఇంజనీర్లతో మంచు మీద జారే ఆటకి వెళ్ళేవారు. ఆవిడ తిండి తగ్గించేసింది, మంచం దిగడం మానేసింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఆ డాక్టరమ్మ అడిగింది, రోజూ మీరు ఎవరితో మాట్లాడతారు అని. మా ఆవిడ నావైపు వేలు చూపించింది. నాకు గర్వంగా అనిపించిందయ్యా. అప్పట్లో నేను దాంతో రోజంతా మాట్లాడేది 'తిన్నావా' అన్న ఒక్క ముక్క. ఇంటికి రాగానే లాప్‌టాప్ తీసేవాణ్ణి. ఆ దేశం అడగాల్సింది అడిగింది, మందులిచ్చింది. వాళ్ళ తప్పు లేదు. అడగంది నేను."

ఆ జనవరిలోనే ఆవిడ తన ప్రాణం తానే తీసుకుంది.

మేం ఫిన్లాండ్ వెళ్ళలేదు. అది మంచిదో కాదో ఇప్పటికీ చెప్పలేను. మావారు మాత్రం ఆ రోజు నుంచి ఇంటికొచ్చి ఫోను పక్కన పెడతారు. ఒక్కోసారి ఇద్దరికీ మాటలు దొరకవు. అయినా ఎదురెదురుగా కూర్చుంటాం.

ఇన్నేళ్ళలో నేను అంకుల్‌ని ఆ ప్రశ్న తిరిగి ఒక్కసారైనా అడగలేదు. ఆయనకి మనుషులకేం కొదవ అనుకున్నాను. ఇంట్లో అంకుల్ అసలు నోరు విప్పేవారు కాదని, పోయాక ఆయన తమ్ముడు చెప్పారు.

వారం తరవాత అస్థికలు కలపడానికి పడవ మాట్లాడుకుని సముద్రం మీదికి వెళ్ళాం. తమ్ముడు, ఆయన భార్య, మేం ముగ్గురం. నడినెత్తిన ఎండ. తమ్ముడు అన్నగారి కలశం పక్కన సంచిలోంచి ఇంకొక డబ్బా తీసి పెట్టారు. చిన్నది, తెల్లటిది.

"ఇది వదిన," అన్నారు. "అన్నయ్య బట్టల బీరువాలో పెట్టుకున్నాడు."

"అక్కడే ఎందుకు కలపలేదు?" అన్నాను.

"నేనూ అడిగానమ్మా. ఆ నీళ్ళలో ఎలా వదలనురా, దానికి చలి పడదు అన్నాడు. పోనీ ఇక్కడ కలుపుదాం అంటే, నాతోపాటేలే అన్నాడు."

రెండూ ఒకే చోట వదిలారు. నేను వంగి నీళ్ళలో చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. బూడిద వెంటనే మునగలేదు. పడవ అంచుని ఆనుకుని, అలతో పాటు లేచి పడుతూ చాలాసేపు అక్కడే ఉంది.