నారింజ కాళ్ళ హంసలు

నా చిన్నప్పుడు మా పిన్ని పెళ్ళి రిసెప్షన్‌కి హంసలొస్తున్నాయని మావయ్య బెజవాడంతా చాటాడు. స్టేజీ ముందు నీళ్ళ తొట్టి కట్టి, జంట హంసల్ని వదులుతానని డెకరేషన్ అతను మాటిచ్చాడట. మగపెళ్ళివారు అప్పటికే టిఫిన్ల దగ్గర్నుంచి సన్నాయి దాకా అన్నిటికీ వంకలు పెట్టి ఉన్నారు. ఈ ఒక్క దెబ్బతో వాళ్ళ నోళ్ళు మూతపడాలని మావయ్య ఆశ.

నాకు ఒకటే ఆరాటం. పక్కింటి అక్క డిగ్రీలో జువాలజీ చదివేది. హంసల బొమ్మలు చూపించమని ఆవిడ ప్రాణం తీశాను. ఒక తెల్ల హంసకి నారింజ ముక్కు, దాని మొదట్లో నల్లటి బొడిపె. ఇంకో తెల్లదానికి నల్ల ముక్కు మీద పసుపు. ఈ రెండిటి కాళ్ళూ నలుపే. మరొకటి ఒళ్ళంతా నలుపు, ముక్కు మాత్రం ఎరుపు. తెల్లవి రెండూ చలి దేశాల చెరువుల్లో ఉంటాయనీ, పొడుగు మెడ నీళ్ళలోకి దించి అడుగున పెరిగే మొక్కలు తింటాయనీ అక్క ఓపిగ్గా చెప్పింది.

రిసెప్షన్ సాయంత్రం ట్రాలీ ఆటోలోంచి గంప దిగింది. అందులో రెండు తెల్ల పక్షులు. ముక్కు నారింజ, బొడిపె నారింజ, కాళ్ళూ నారింజే. తొట్లో వదిలితే క్షణం ఉండలేదు. బయటికొచ్చి హాలు ముందున్న పచ్చగడ్డి కొరుక్కు తింటూ, దగ్గరికెళ్ళిన పిల్లల మీద బుసలు కొట్టాయి. ఇవి పెద్దబాతులని చెబుతూ నేను మావయ్య చొక్కా పట్టుకు లాగాను. ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు నడిపే మనిషి, డబ్బా విప్పకుండానే డూప్లికేట్ సామాను పట్టేస్తాడు. అలాంటివాడు వాటి వంకైనా చూడకుండా, అవి హంసలే, నోర్మూసుకోమన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంతలో పెళ్ళికొడుకు వాళ్ళ పెద్దమ్మగారు అటే వచ్చారు. స్టేజీ మీద పిన్ని ముఖం పాలిపోయింది. ఇది బయటపడితే అత్తారింట్లో బతికినన్నాళ్ళూ ఆ బాతుల మాటే పడాలి. నేనవేమీ ఆలోచించలేదు, అరవబోయాను. మాతోపాటే రిసెప్షన్‌కొచ్చిన పక్కింటి అక్క నా భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది.

"ఇవి హంసలేనా అమ్మాయ్?" అని పెద్దమ్మగారు అక్కనే అడిగారు.

"కాదండీ, పెద్దబాతులు. తెల్ల హంసలు చలి దేశాలవండీ, మన ఎండకి ఆ తొట్లో ఉడికిపోయేవి పాపం. ఇవైతే మన గడ్డి తిని హాయిగా బతుకుతాయి."

మావయ్య నేల చూపులు చూశాడు. పెద్దమ్మగారు కాసేపు వాటినే చూసి, ఫక్కున నవ్వారు.

"మా పుట్టింట్లో కాపలాకి వీటినే పెంచేవాళ్ళమే. కుక్క లేచేలోపే ఇవి అరిచేవి." ఆ మాట చెప్పడానికే స్టేజీ ఎక్కి, పిన్ని పక్కన కూర్చున్నారు. పిన్ని ముఖంలోకి రంగొచ్చింది.

మావయ్య ఇప్పటికీ ఆల్బమ్ తీసి అందరికీ అవి హంసలని చెప్పే చూపిస్తాడు. నేను ఇప్పటికీ విసుక్కుంటాను. కానీ ఎక్కడైనా తప్పు కనపడి మాట నోటిదాకా వచ్చినప్పుడు, భుజం మీద అక్క చెయ్యి బరువు తెలుస్తుంది. చెప్పకుండా ఎలాగూ ఉండలేను. స్టేజీ మీద ఎవరున్నారో ఒకసారి చూసుకుని చెబుతాను.