గేటు దగ్గర విడిచిన చెప్పులు

ఆనాటి బడి పిల్లలందరూ ఒకచోట కలుస్తున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది అంగడి. (నాయుడుపేటలో వాళ్ళది చెప్పుల అంగడి. తండ్రి తర్వాత అన్న, అన్న తర్వాత ఇప్పుడు ఆమే కూర్చుంటోంది. పదో తరగతి పరీక్షల్లో నా ముందు బల్ల ఆమెది. ముప్పై అయిదేళ్ళుగా ఆ పేరుతోనే పిలుస్తున్నాం, ఒక్కనాడూ కోప్పడలేదు.) ఫోను చేస్తే సరిపోయేదానికి మనిషే వచ్చింది, చంకలో మూడు అట్టపెట్టెలతో. వెంట స్కేలు కూడా ఉంది. పరీక్ష మొదటి రోజు నాకు తన స్కేలిచ్చి ఇప్పటికీ తిరిగి అడగని మనిషి కాబట్టి ఆమెకు ఆ పేరు.

"పొద్దున్నే కాలు కింద పెట్టంగానే మడమలో సూది దించినట్టుంటదా మే నీకు?" అంది అంగడి, కూర్చోకముందే.

"అచ్చం అట్టనే."

"నాకు మోకాలు గూడా," అంది స్కేలు, అదేదో తనకు ఒక మార్కు ఎక్కువ వచ్చినట్టు.

అంగడి పెట్టెలు విప్పింది. లోపల మెత్తటి అడుగున్న ఎంసీఆర్ చెప్పులు. "సుగరోళ్ళకు డాక్టర్లు చెప్పేది ఇయ్యే. చూసేదానికి బాగుండవు, నడిచేదానికి బాగుంటాయి. మన వయసుకు రెండోదే కావాల."

"ఇంట్లో గూడా ఏసుకొనే తిరగమన్నాడు మా డాక్టరు. వంటింట్లో ఏసుకుంటా ఉండాను," అన్నాను నేను, తప్పు ఒప్పుకున్నట్టు మెల్లగా. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత స్కేలు నవ్వీ నవ్వీ మోకాలు పట్టుకుంది. "నువ్వా? ఇంట్లో చెప్పులా? దేవుడా, ఇంక ఏమేం చూడాలో!"

"ఆదివారం నువ్వు వచ్చేదే," అంది అంగడి కళ్ళు తుడుచుకుంటూ. నేను ఆ బడిలో ఒక్కరోజు కూడా చదవలేదని, పరీక్షలు రాయడానికి మాత్రం పోయానని, నాకూ ఆ కలయికకూ ఏం సంబంధమని అన్నాను. "చదవకపోతే ఏంది? బడి బడంతా నీవల్ల ఉత్త కాళ్ళతో నడిచింది. నువ్వు లేకుండా ఎట్టా? గంట కొట్టే ఆయమ్మ గూడా వస్తాది."

ఆయమ్మ మాట వినగానే నా నవ్వు ఆగిపోయింది. ఆమెకు నేను చెప్పవలసిన మాట ఒకటి ముప్పై అయిదేళ్ళుగా చెప్పకుండా మిగిలిపోయింది.

ఆ రోజుల్లో మా ఊరి ఆడపిల్ల అయిదో తరగతి దాటి చదవాలంటే వాగు దాటాలి, వాగు దాటాలంటే మా జేజి, నాయన తల్లి, ఒప్పుకోవాలి. వేసవికి వాగైనా దారి ఇచ్చేది గానీ మా జేజి ఇచ్చేది కాదు. చిన్న బడికి కూడా జ్వరాల పిల్లనని నన్ను పంపలేదు. పెళ్ళి వద్దనుకుని ఇంట్లోనే ఉండిపోయిన మా మేనత్త ఆ రోజుల్లోనే ఇంటర్ చదివిన మనిషి. ఆమె నాకు వసారాలో చదువు చెప్పింది. కాళ్ళు కడుక్కోవాలి, చెప్పులు మెట్ల కిందే ఉండాలి, పుస్తకం కళ్ళకద్దుకున్నాకే తెరవాలి. శ్రీహరికోటలో రాకెట్టు లేచిన రోజు మిద్దె ఎక్కించి ఆ పొగ గీత చూపించేది, అది ఎట్లా లేచిందో మాత్రం మిద్దె దిగి మళ్ళీ కాళ్ళు కడుక్కున్నాకే చెప్పేది. కాబట్టి సైన్సంటే నాకు ఇప్పటికీ కాళ్ళు తడిగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తల్లి రుణం నేను తీర్చుకోలేను, తీర్చుకోవాలనీ లేదు. కొన్ని రుణాలు ఉండటమే అదృష్టం.

పదో తరగతి ప్రైవేటుగా కట్టిస్తానని అత్త అడిగినప్పుడు నాయన ఒక్కటే మాటన్నాడు. "ఒక్కసారి రాయిస్తానక్కా. పాసయిందా, నువ్వు చెప్పినంతా చదివిస్తా. తప్పిందా, ఈ ఇంట్లో మళ్ళా పుస్తకం మాట ఎత్తగూడదు." నాయన మాట మీద నిలబడే మనిషి. మాకు ధైర్యమూ అదే, భయమూ అదే.

పరీక్షలు పేటలో. బస్టాండు దగ్గర చుట్టాలింట్లో అత్తా నేనూ దిగాం. మొదటి రోజు బడి గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. నా జన్మలో అడుగుపెట్టిన మొదటి బడి అది. ఇంట్లో వసారాకే అంత మర్యాద ఉంటే ఇంత పెద్ద బడికి ఎంత ఉండాలి? చెప్పులు గేటు బయటే విడిచి, మట్టి కళ్ళకద్దుకుని, ఎన్నడూ ఈ గేటు లోపల చెప్పులు వేసుకోనని సరస్వతమ్మకు మొక్కుకున్నాను. లోపలికి పోతే అందరి కాళ్ళకూ చెప్పులున్నాయి. పేట పిల్లలకు భయభక్తులు లేవని జాలిపడ్డాను. (పదహారేళ్ళ వయసులో జాలి చాలా తేలిగ్గా పుడుతుంది.)

పొద్దున పోయేటప్పుడు ఇసుక చల్లగానే ఉంది. మధ్యాహ్నం పేపరిచ్చి బయటికొచ్చాక తెలిసింది. ప్రైవేటు వాళ్ళం కూడా రాసే చివరి గది నుంచి గేటు దాకా నూటపది అడుగులు. లెక్క ఎట్లా తెలుసంటే, ఒక్కో అడుగుకూ అమ్మవారి పేరు ఒకటి చెప్పుకుంటూ పరుగెత్తాను. నూట ఎనిమిది పేర్లూ అయిపోయాక ఇంకా రెండు అడుగులు మిగిలాయి. ఆ రెండూ "అమ్మా, అమ్మా" అనుకుంటూ దాటాను.

సాయంత్రానికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. అత్త వెన్న రాసింది. "చెప్పులేసుకొని పోరాదా?" అంది. మొక్కుకున్నానన్నాను. అత్త వెన్నగిన్నె పక్కన పెట్టింది. "మొక్కు నీది, కాళ్ళూ నీవే. పరీక్ష మాత్రం మనిద్దరిదీ. కాళ్ళు పుండయి మంచమెక్కితే మీ నాయన మాట తెలుసు గదా తల్లీ."

రెండో రోజు గేటు దగ్గర ఆయమ్మ చూసింది. బడి గంట కొట్టేది, గదులు ఊడ్చేది, నీళ్ళు నింపేది ఆమే. సన్నటి మనిషి.

"ఏం పాపా, చెప్పులు తెగినాయా?"

"లేదు, విడిచినా. చదువుల తల్లి కాడికి చెప్పులతో పోగూడదు."

ఆమె నా కాళ్ళ వైపు చూసింది. "ఆ తల్లికేం, గదిలో నీడన ఉండాది. ఎండలో ఇసక తొక్కేది నువ్వు గదా," అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను గది మెట్టు దిగేసరికి కింద తడి గోనెపట్టా పరిచి ఉంది. దాని మీద నిలబడితే ముందు ఇంకొకటి పరిచింది. దాని మీదికి పోతే వెనకది తీసి మళ్ళీ ముందుకు వేసింది. అట్లా వంగి వంగి, నూటపది అడుగులూ, రాణిగారికి తివాచీ పరిచినట్టు. గేటు దగ్గర నా చెప్పులు తనే అందివ్వబోతే నేను ఏడ్చినంత పనిచేశాను. "పెద్దవాళ్ళు, మీరు నా చెప్పులు పట్టుకునేదేంది!" అని లాక్కున్నాను. అంతేగానీ, చల్లగా నడిపించినందుకు ఒక మాట అనాలన్న తెలివి లేదు. ఆ సాయం సరస్వతమ్మ పంపిందనుకుని సరస్వతమ్మకే దండం పెట్టుకున్నాను.

ఒకటి మాత్రం అత్తతో ఫిర్యాదుగా చెప్పాను. "బడంటే ఏమో అనుకున్నానత్తా. గది బయట కుండ పెట్టినారు, నీళ్ళు చూస్తే కాచినట్టు ఉండాయి. వీళ్ళకు కుండలో నీళ్ళు చల్లబెట్టుకోను గూడా రాదు."

మూడో రోజు అంగడి అడిగింది, ఎందుకట్లా విడుస్తున్నావని. చెప్పాను. "ఓస్, మేం మసీదు కాడ ఇడిచినట్టే గదా," అని తనూ విడిచింది. స్కేలుకు లెక్కలంటే గుండెదడ, పనిచేస్తుందేమోనని తనూ విడిచింది. లెక్కల పరీక్ష నాటికి గేటు దగ్గర రెండు వరసల చెప్పులు. భక్తి కాదు, భయం. సరిగ్గా ఆ రోజే జీపులో స్క్వాడ్ వాళ్ళు దిగారు. బడి పెద్దసారు ఎదురు పరుగెత్తాడు. వచ్చినాయన చెప్పుల వరసలు చూసి ఆగాడు. "చెప్పుల్లో స్లిప్పులు పెట్టుకోకుండా బయటే విడిపించారా! శభాష్ సార్, ఈ ఏర్పాటు నేనింకెక్కడా చూడలేదు." పెద్దసారుకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆయన పెద్దసారు కదా. "మొదటి రోజు నుంచీ ఇదే పద్ధతి సార్," అన్నాడు.

మర్నాటి నుంచి అది నిజంగానే పద్ధతయింది. బడి బడంతా చెప్పులు గేటు దగ్గర విడవాలి. మధ్యాహ్నం పిల్లలందరూ పెనం మీద గింజల్లా ఎగురుతూ పోయేవాళ్ళు. "ఎవురో తిక్కది మొదలుపెట్టిందంట మే," అని నా పక్కనే తిట్టుకునేవాళ్ళు, నేను కూడా తలూపేదాన్ని. ఆయమ్మ ఇంకా గోనెపట్టాలు ఎక్కడినుంచో తెచ్చి గేటు దాకా వరసగా పరిచింది. ఆఖరు రోజు నాయన గేటు దగ్గర నిలబడి "బస్సు పోతాది, రా!" అని కేకేశాడు. చెప్పుల్లో కాళ్ళు దూర్చి పరుగెత్తాను. వెనక్కి చూస్తే ఆయమ్మ పట్టాలు మడతపెడుతూ చెయ్యి ఎత్తింది. నేను చెయ్యి కూడా ఎత్తలేదు, చేతిలో స్కేలుంది.

పాసయ్యాను. నాయన మాట నిలబెట్టుకున్నాడు. ఇంట్లోనే ఉండి డిగ్రీ దాకా చదివాను, మా వసారాలోనే ఎందరో పిల్లలకు చదువు చెప్పాను. వాళ్ళు చెప్పులు మెట్ల కింద విడిచినప్పుడల్లా ఆయమ్మ గుర్తొచ్చేది. పేట ఎంత దూరం? గంట ప్రయాణం. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ముప్పై అయిదేళ్ళు గడిపాను. ఇప్పుడు ఆమె నన్ను గుర్తుపట్టకపోతే, ఆ మాట ఎవరికి చెప్పాలి?

ఆదివారం గేటు దగ్గర దిగాం. ఇసుక లేదు, సిమెంటు దారి వేశారు. నేను నిలబడిపోయాను.

"ఇడవొద్దు," అంది అంగడి. "మడమ నొప్పి. కొత్త చెప్పులు. ఇడిచినావంటే చూడు."

విడిచాను. "నీ మొక్కు తగలెయ్య!" అని తిట్టి తనూ విడిచింది. స్కేలు మాట్లాడకుండా విడిచింది, లెక్కల భయం ఇంకా పోయినట్టు లేదు.

షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో ఆయమ్మ కూర్చుని ఉంది, ఇంకా సన్నబడి. పక్కన కూర్చుని, గుర్తుపట్టారా అని అడిగాను.

"ఎంతమంది బిడ్డలో పాపా. నువ్వు ఏ ఏడు?"

"చెప్పులు గేటు బయట విడిపించిన ఏడు."

ఆమె ముఖం విచ్చుకుంది. "ఆ ఏడా! ఎవురో ఒక పిచ్చిబిడ్డ ఉండేది. కాళ్ళు కాల్చుకొని ఏడస్తా పొయ్యేది. చూడలేక ఆ గది కాడ కుండకు చుట్టిన గోనెపట్టాలు పీకి పరిచినా. తర్వాత బడంతా ఇడిస్తే అన్ని కుండలయీ పీకినా. నీళ్ళు చల్లబడేది యాడ? పెద్దసారు నోట్లో పోసుకొని తుపుక్కున ఉమ్మినాడు. పట్టాలేమైనాయంటే, ఉతకను తీసినా సారూ అన్నా. ఇన్ని దినాలా ఉతికేది అని అందరి ముందర అరిచినాడు." ఆమె నవ్వింది. అంగడీ స్కేలూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కుండలో నీళ్ళు చల్లబెట్టుకోను రాదని అత్తతో అన్న మాట మాత్రం ఆమెకు చెప్పలేదు.

"ఆ పిచ్చిబిడ్డను నేనే ఆయమ్మా. ఆ పొద్దు మీరు నడిపించబట్టి పరీక్షలన్నీ రాసినా. పాసైనా. చెప్పకుండా పోయినా, ఇప్పుడు చెప్తాండా. మీ మేలు మరిచిపోలేదు."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. తల వంచి నా కాళ్ళు చూసింది. "ఇంకా బుద్ధి రాలేదా నీకు?"

అప్పుడు నేనూ ఆమె కాళ్ళు చూశాను. ఉత్త కాళ్ళే. "మీరు గూడా గేటు కాడే విడిచినారే."

"ఇప్పుడు ఇడిచినా. కొడుకు కొనిచ్చినాడు. ఆ కాలంలో ఇడిచేదానికి నాకు చెప్పులు యాడియి పాపా?"

ఎంతో మామూలుగా అంది. అంగడి నవ్వు ఆగింది. అన్ని మధ్యాహ్నాలు, అన్ని అడుగులు, నా ముందు వంగి వంగి పట్టాలు పరిచిన మనిషి కాళ్ళు ఆ ఇసుక మీదే ఉన్నాయి. నా చూపంతా పరిచిన పట్టా మీదే, నా ధ్యాసంతా నా మొక్కు మీదే. విడవడానికి చెప్పులుండటం కూడా ఒక భాగ్యమని చదువుల తల్లి దగ్గరికి అంత భక్తిగా పోయినదానికి తెలియలేదు.

వెళ్ళేటప్పటికి సిమెంటు దారి బాగా కాగి ఉంది. నేను ముందు లేచి గేటు దాకా గబగబా నడిచి ఆమె చెప్పులు చేత్తో పట్టుకొచ్చాను. కాళ్ళ దగ్గర పెడితే ఆమె కంగారుపడింది. "చదువుకున్నదానివి, నా చెప్పులు పట్టుకునేదేంది పాపా!" అంది. ఆ మాట నాదే, ముప్పై అయిదేళ్ళకు తిరిగొచ్చింది. ఆమె కాళ్ళు చెప్పుల్లో సర్దుకున్నాక ఇద్దరం చేతులు పట్టుకుని నడిచాం. ఆమె చల్లగా, నేను ఎగురుతూ. మొక్కు మొక్కే కదా. వెనక నుంచి అంగడి తిడుతూనే ఉంది.

ఆ రోజే ఆమె పేరు అడిగి తెలుసుకున్నాను. అది నా పూజలో చెప్పుకుంటున్నాను. ఇంట్లో మెత్తటి చెప్పులేసుకుని వంట చేసుకుంటూ, పూజగది గడప దగ్గర వాటిని విడిచినప్పుడు ఆ పదహారేళ్ళ పిల్లను చూసి నవ్వుకుంటాను. మీకు మాత్రం ఆయమ్మ అంటే చాలు. ఇకమీద ఏ గుడి ముందో, మసీదు ముందో, బడి ముందో మీరు చెప్పులు విడిచినప్పుడు, ఒక్క క్షణం ఆమెను తలుచుకోండి.