చెప్పులు విప్పి కొలిచిన చర్చి

ఎనభైల మొదట్లో షికాగో దగ్గరి నేపర్‌విల్‌లో ఉన్న కొద్దిమంది తెలుగువాళ్ళ పిల్లలకు దారి ఒక్కటే: డాక్టరు కావడం. కాకపోతే ఇంజనీరు. నేను షికాగోలో ఆర్కిటెక్చర్‌లో చేరానని చెప్పినప్పుడు, డాక్టరైన మా నాన్న ముఖం కందగడ్డలా అయింది.

వేసవిలో మా క్లాసును ఇటలీ తీసుకెళ్తున్నారంటే ఒక షరతు మీద పంపారు.

"వెళ్ళిరామ్మా. కానీ ఫాల్‌లో నీ జ్యూరీ సరిగ్గా జరగలేదనుకో, ప్రీమెడ్‌కి స్విచ్ అవ్వాలి. మళ్ళీ ఆర్గ్యూ చెయ్యకూడదు."

జ్యూరీ అంటే మేం గీసినవి గోడకు తగిలించి, పెద్ద ఆర్కిటెక్టుల ముందు నిలబడి చీవాట్లు తినే రోజు. ప్రీమెడ్ అంటే డాక్టరు చదువుకు తొలిమెట్టు. సరేనన్నాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది.

వెనిస్, విచెంజా, మాంతువా తిరిగి ఫ్లారెన్స్ చేరాం. తోటివాళ్ళు ప్రతి గుమ్మటం కిందా మురిసిపోయేవారు. ఉన్నమాట చెప్పొద్దూ, నాకు ఐదువందల ఏళ్ళనాటి ఆ రినైసాన్స్ కట్టడాలు చప్పగా అనిపించాయి. ఎక్కడ చూసినా గీతలు, చదరాలు, తెల్లగోడలు.

ఒక పాత చర్చిని కొలిచి గీయడం మా పని. మావాళ్ళు టేపులు పట్టుకుని లోపలికి వెళ్ళగానే కాపలాదారు కేకలేసి బయటికి తరిమాడు. నేను అప్పటికింకా గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతున్నాను. చర్చి అయినా దేవుడుండే చోటే కదా, చెప్పులతో వెళ్ళడానికి మనసొప్పలేదు. బయటికొచ్చినవాళ్ళు నన్ను చూసి పకపకా నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుని లోపలికి వెళ్ళి, తల వంచుకుని, అడుగుకు అడుగు ఆనిస్తూ నేలను కొలవడం మొదలుపెట్టాను. కాపలాదారు నన్ను చూసి టోపీ తీశాడు. పాపం, ఏదో మొక్కు తీర్చుకుంటున్నాననుకున్నాడు! రోజూ వెళ్ళాను, రోజూ దారి ఇచ్చాడు.

సంగతి ముందు నా పాదాలకే తెలిసింది. నేలలో పొదిగిన బూడిదరంగు రాతిపట్టీ ఒక స్తంభం నుంచి ఎదుటి స్తంభానికి సూటిగా వెళ్తోంది. అలాంటి పట్టీలే అడ్డంగా, నిలువుగా సాగి నేలను చదరాలుగా విడదీశాయి. ఏ చదరం కొలిచినా నా అడుగుల్లో ఒకటే లెక్క. మధ్య హాలు వెడల్పు సరిగ్గా రెండు చదరాలు. అంత భవనమూ ఆ నేల మీది చదరంలోంచే లేచింది! అక్కడే గంతులేయాలనిపించింది. చప్పగా ఉందన్న నోటితోనే "అబ్బ!" అన్నాను.

వేసవి అయ్యాక షికాగోలో జ్యూరీ రోజు నాన్న రైల్లో వచ్చి, వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. తోటివాళ్ళు గోడల నిండా గుమ్మటాలు తగిలించారు. నేను మాత్రం స్టూడియో నేల మీద సుద్దతో ఒకే ఒక్క చదరాన్ని, చర్చిలో ఉన్నంత కొలతకే గీశాను. జ్యూరీలో పెద్దాయన కనుబొమలు ముడేసి, "వేర్ ఈజ్ ది బిల్డింగ్?" అన్నాడు.

దయచేసి ఇందులోకి రండి అన్నాను. అందరూ వచ్చి నిలబడ్డారు. నాలుగు మూలలా స్తంభాలున్నాయనుకోమన్నాను. ఈ చదరం ఒక పక్క పొడవు ఎంతో, దానికి రెట్టింపు ఎత్తున కమాను ఉందంటూ చేయి పైకి చాపాను. పెద్దాయన తలెత్తాడు. మిగిలినవాళ్ళూ ఎత్తారు. పైన ట్యూబ్‌లైట్లు తప్ప ఏమీ లేవు. అయినా ఎవరూ తల దించలేదు.

"ఐ సీ ఇట్," అన్నాడు పెద్దాయన మెల్లగా.

గెలిచానని ఆ క్షణమే తెలిసింది. జ్యూరీవాళ్ళు వెళ్ళాక గబగబా వెనక వరసకు పరిగెత్తాను.

"నాన్నా, మరి ప్రీమెడ్ సంగతి?"

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. చూపు ఇంకా పైకప్పు మీదే ఉంది.

"అది వదిలెయ్ తల్లీ. ఆ ఆర్చ్ ఎంత హైట్ అన్నావ్? ఇంకోసారి చూపించు."