చింతపండుతో తోమిన కడ్డీ

1958 మే, ఆదివారం, పెనుకొండ. ఇంట్లో ఉన్నవాళ్లు: నాయన, అవ్వ, అన్న, నేను. మరునాడు ఆసుపత్రికి పోయిన అన్న మళ్లీ ఇంటికి రాలేదు.

మొన్న హిందూపురంలో మా మనవడు తన బార్‌బెల్‌కు నూనె రాస్తుంటే ఆ వాసనకు ఇదంతా గుర్తొచ్చింది.

అన్న బరువులెత్తే ఇనుప కడ్డీ వసారాలో ఉండేది. ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. చెమటకు తుప్పు పడుతుందని రోజూ ఆముదం గుడ్డతో తుడిచేవాడు. క్షయతో మంచం పట్టాక దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. కడ్డీ మెరిస్తే అన్న లేచి ఎత్తుతాడనుకున్నాను. ఆ ఆదివారం, అవ్వ ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండు, ఉప్పు వేసి సాయంత్రం దాకా తోమాను.

"సూడన్నా, ఎట్ల మెరుస్తాండాదో!"

అన్న వేలితో తాకి, వాసన చూసి నవ్వాడు. "ఏమ్మే, కడ్డీతో చారు కాస్తాండావా?" అంతలో దగ్గు తెర వచ్చింది.

తెల్లారేసరికి ఆ పులుపుకు, ఉప్పుకు కడ్డీ నిండా ఎర్రటి తుప్పు. వాకిట్లో జట్కా నిలబడి ఉంది. తిడతాడని తలుపు చాటున దాక్కున్నాను. అన్న నాయన భుజం పట్టుకుని వచ్చి, కడ్డీ పక్కన కూర్చుని, ఆముదం గుడ్డతో జానెడు మేర తుడిచాడు. ఆయాసంతో ఆగిపోయి, నన్ను పిలిచి గుడ్డ చేతిలో పెట్టాడు.

"ఇట్ల తుడ్చాల పాపా. ఇంగ ఇది నీదే."

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ పొద్దు మాత్రం, కడ్డీ నాదైందని వీధిలో అందరికీ చెప్పడానికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి జట్కా వెళ్లిపోయింది.