నాయన చొక్కా వాసన

కళ్ళు తిరుగుతున్నాయని పోయిన వారం కోలారు ఆసుపత్రికి వెళితే, తలకు స్కాను తీయించిన కుర్ర డాక్టరు ఆ బొమ్మను కంప్యూటరులో అటూ ఇటూ తిప్పి చూసి, “అమ్మా, మీకు పుట్టినప్పట్నించీ వాసనలు తెలీవు గదా?” అన్నాడు, ఊరి పేరు అడిగినంత మామూలుగా. అందరికీ మెదడు అడుగున, ముక్కుకు సరిగ్గా పైన, వాసన పట్టే రెండు చిన్న మొగ్గల్లాంటివి ఉంటాయట. నా తలలో ఆ రెండూ లేనే లేవట. “అదేమప్పా, పొద్దున పొయ్యి మీద పప్పు మాడితే వాకిట్లోంచి పరిగెత్తుకొస్తిని గదా!” అని మొత్తుకున్నాను. అతను జాలిగా నవ్వి, కొందరు పక్కవాళ్ళ మాటలు విని, తమకూ వాసనలు తెలుసనుకుంటూనే బతికేస్తారని చెప్పాడు.

ఇంటికెట్లా వచ్చానో నాకు తెలియదు. పప్పు సంగతి వదిలేయండి, నాకు పట్టుకున్న భయం వేరు. మా నాయన ఊరిగాం బంగారు గనిలో లోపలి పని చేసేవాడు, నాకు ఊహ తెలుస్తున్న రోజుల్లోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఫొటో ఒక్కటీ లేదు. ముఖం గుర్తు లేదు, గొంతు అసలే లేదు. నా దగ్గర మిగిలింది ఆయన వాసన ఒక్కటే. షిఫ్టు దిగి వచ్చే మనుషుల్ని ఎరిగిన నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు, తడి రాతిపొడీ, పేల్చిన మందు ఘాటూ, చెమటా, వాటి అడుగున ఎక్కడో కాస్త బీడీ. సైరను కూసిన కాసేపటికి గని కంపెనీ కట్టించిన మా లైను ఇళ్ళ సందులో ఆ వాసన తగలగానే చేతిలోది పారేసి ఎదురు పరిగెత్తేదాన్ని. అదీ అబద్ధమేనా? ఎవరో చెప్పగా విని, లేని నాయనను అల్లుకొని ఇన్నేళ్ళు గుండెల్లో దాచుకున్నానా?

ఆగలేక కామసముద్రంలో ఉన్న మా అక్కకు ఫోను చేసి ఏడ్చాను. పట్టుపురుగులకు ఆకు వేస్తున్నదేమో, విసుక్కుంది. “మతి ఉండాదా నీకు? కొళాయి కాడ నాయన చొక్కా తీసిచ్చింది ఎవురే? నేను పక్కనే ఉంటిని గదా!”

అది చెప్పుకుపోతుంటే నాకూ మెల్లగా మెదిలింది. లైనుకంతా ఒకటే కొళాయి, గనివాళ్ళందరివీ ఒకే రకం ఖాకీ చొక్కాలు. ఒకనాడు అమ్మా, పక్కింటి అరవ అత్తా విడిచిన బట్టలు ఒకే బండ మీద కుప్ప పోసి, మాటల్లో పడి, ఏది ఎవరిదో తెలియక, ఉన్నవాటిలో గట్టి చొక్కా మాదంటే మాదని తగువుకు దిగారు. నేను ఒక్కో చొక్కా మొహానికి అదుముకొని చూసి, చివరికి ఒకటి పట్టుకొని వదల్లేదట. అది గట్టిది కాదు, మోచేతి దగ్గర చిరిగింది. అమ్మ తిరగేసి చూస్తే తాను వేసిన కుట్టే కనిపించిందట. మంచి చొక్కా దక్కించుకున్న పక్కింటత్త పగలబడి నవ్వి, “ఇది పిల్లా, పోలీసు కుక్కా!” అనిందట. ఆ పేరుతోనే లైనంతా చాలాకాలం నన్ను పిలిచింది.

నిన్న మళ్ళీ పోయి డాక్టరు ఎదుట కూర్చున్నాను. నా కళ్ళు మూయించి కాఫీపొడీ, సబ్బూ, నిమ్మతొక్కా ముక్కు దగ్గర పెట్టించాడు. అన్నీ చెప్పాను. ఈసారి నోరు వెళ్ళబెట్టడం అతని వంతయింది. బొమ్మ మళ్ళీ చూశాడు; లేనివి లేవు. నాది ఎడమచేతివాటమా అని అడిగి, అవునంటే, అట్లాంటి ఆడవాళ్ళలో బహు అరుదుగా ఇట్లా ఉంటుందని చదివాననీ, ఆ పని తలలో ఏ మూల జరుగుతోందో మాత్రం తనకు తెలియదనీ అన్నాడు. నేనింకా తేరుకోలేదు.

గనులు మూతపడ్డాయి, సైరను కూయడం లేదు, ఆ కొళాయి దగ్గర తగువులాడిన ఇద్దరూ వెళ్ళిపోయారు. రాబర్ట్‌సన్‌పేటలో మా వీధి పిల్లలకు గని అంటే దూరాన కనబడే మట్టిదిబ్బలే. నాయన వాసన ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. ఉంటే గింటే నా తలలోనే ఉండాలి, ఆ బొమ్మలో చూస్తే అక్కడా దానికి చోటు లేదు.